కృత్రిమ మేధ నైతికతను ఐచ్ఛిక సబ్జెక్టుగా వదిలేయకండి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. విశ్వవిద్యాలయాల్లో కృత్రిమ మేధ కోర్సులు పెరుగుతున్నాయి. దాని మంచిచెడ్డలు, నియంత్రణ గురించిన చదువు మాత్రం చాలాచోట్ల ఒక ఐచ్ఛిక సబ్జెక్టు దగ్గరే ఆగిపోయింది. కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలిగా ఇది నన్ను కలవరపెడుతోంది.

2020లో ఇంగ్లండ్‌లో కరోనా వల్ల ఏ-లెవెల్ పరీక్షలు (బడి చదువు చివర రాసే, విశ్వవిద్యాలయ ప్రవేశాలకు ఆధారమైన పరీక్షలు) రద్దయ్యాయి. గ్రేడ్ల కోసం ఆఫ్‌క్వాల్ అనే నియంత్రణ సంస్థ ఒక అల్గారిథమ్ వాడింది. అది బడి పాత ఫలితాలకు పెద్దపీట వేసింది. ఉపాధ్యాయులు వేసిన అంచనాల్లో దాదాపు 40 శాతం కిందికి దిగాయి. వెనకబడిన బడిలో బాగా చదివే పిల్లలకు గట్టి దెబ్బ తగిలింది. విద్యార్థులు మరీ తక్కువగా ఉన్న తరగతులకు మాత్రం టీచర్ల అంచనానే ఉంచారు. అలాంటి తరగతులు ప్రైవేటు బడుల్లోనే ఎక్కువ. విద్యార్థులు రోడ్డెక్కారు. ఫలితాలిచ్చిన నాలుగు రోజులకే ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

అక్కడ కోడ్ చెయ్యమన్న పనే చేసింది. మొత్తం మీద గ్రేడ్లు ఒక్కసారిగా పెరగకూడదన్నారు, పెరగలేదు. ఆ భారం ఎవరి నెత్తిన పడుతుంది? నష్టపోయినవాళ్లు ఎవరికి మొరపెట్టుకోవాలి? ఈ ప్రశ్నలు మా సిలబస్‌లో ఏ పాఠంలో ఉన్నాయో చూపించమంటే నేను చూపించలేను.

అందుకే అడుగుతున్నాను, ఈ నైతికతను విడి సబ్జెక్టుగా కాక, డేటా నుంచి కంప్యూటర్ నేర్చుకునేలా చేసే మెషీన్ లెర్నింగ్ పాఠంలోనే కలపండి. మోడల్ కచ్చితత్వం లెక్కగట్టే రోజే, ఏ వర్గం వాళ్ల విషయంలో అది ఎక్కువగా పొరబడుతోందో కూడా విద్యార్థి లెక్కగట్టాలి. నిష్పాక్షికతకు ఉన్న నిర్వచనాలన్నీ ఒకేసారి పొసగవని గణితమే చెబుతోంది. ఏది వదులుకోవాలో తేల్చేది మనుషులే కాబట్టి ఆ తరగతిలో న్యాయశాస్త్రం, సామాజిక శాస్త్రం విద్యార్థులు కూడా కూర్చోవాలి. నిర్వచనాలు బట్టీపట్టి రాసే పరీక్ష మాత్రం దయచేసి వద్దు. వాడుకలో ఉన్న ఒక వ్యవస్థను విద్యార్థులే తనిఖీ చేసి నివేదిక రాయాలి.

2021లో యునెస్కో సభ్యదేశాలు కృత్రిమ మేధ నైతికతపై సిఫార్సును ఆమోదించాయి. 2024లో అమల్లోకి వచ్చిన ఐరోపా సమాఖ్య కృత్రిమ మేధ చట్టం చదువుల్లో ప్రవేశాలను, మూల్యాంకనాన్ని నిర్ణయించే వ్యవస్థలను అధిక ముప్పు ఉన్నవాటిలో చేర్చింది. ఇలాంటి నియమాలను చదివి, సాంకేతికంగా తనిఖీ చేయగలవాళ్లను తయారుచేయాల్సింది విశ్వవిద్యాలయాలే. ముందు అధ్యాపకులకు శిక్షణ, అందుకు నిధులు కావాలి. మాలో చాలామందికి ఈ పాఠం ఎవరూ చెప్పలేదు.

సిలబస్ సవరణ కమిటీ వేసేటప్పుడు అన్ని విభాగాలకూ, విద్యార్థి ప్రతినిధులకూ చోటివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు