మూడు పేజీల ఇసుక వ్యాపారం

ఒరేయ్ కాలమ్ స్వామీ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడ అంతా కులాసా, వానలు దంచుతున్నాయి, అమ్మ నిన్ను అడిగింది. మిగతా కబుర్లు తర్వాత. ప్రమోషన్ ఫారం కోసం హెచ్-ఇండెక్స్ (మన పేపర్లని ఎందరు ఉదహరించారో దాన్నిబట్టి కట్టే అంకె) లెక్కేసుకుని, తక్కువొచ్చిందని దిగాలుపడి రాశావు చూడు, దానికి ఈ సంగతి చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోయేట్టుంది.

1978లో జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీలో క్లార్క్ స్టిల్, కాన్, మిత్రా కలిసి మూడంటే మూడు పేజీలు రాశారు. కొత్త అణువు లేదు, కొత్త రియాక్షన్ లేదు. మన ఇసుక వ్యాపారమే: గాజు గొట్టంలో (అదే కాలమ్) సిలికా పొడి నింపి, మిశ్రమాన్ని ద్రావకంతో కిందికి దింపుతూ దేనికది విడదీసే ఫ్లాష్ క్రొమటోగ్రఫీ! 40–63 మైక్రాన్ల సిలికా, ఎత్తు ఆరంగుళాల లోపు. కావలసిన పదార్థం మచ్చ టీఎల్‌సీ (సిలికా పూసిన పలక మీద ముందుగా చేసే చిన్న పరీక్ష) మీద ఆర్ఎఫ్ 0.35 దగ్గర, అంటే ద్రావకం పాకిన దూరంలో 0.35 వంతు దగ్గర, ఆగే ద్రావకం. పైనుంచి గాలి ఒత్తిడి పెట్టి, ద్రావకం మట్టం నిమిషానికి రెండంగుళాలు దిగేట్టు చూడటం. 20 మిల్లీమీటర్ల కాలమ్‌లో మచ్చల ఆర్ఎఫ్‌ల మధ్య తేడా 0.2 ఉంటే 400 మిల్లీగ్రాములు ఎక్కించొచ్చు, 0.1 ఉంటే 160కే ఆపాలి. ఆశపడితే అన్నీ కలిసే దిగుతాయి. ద్రావకం మట్టం సిలికా పైఅంచు కన్నా కిందికి జారిందా, సిలికా ఎండి బీటలే. (ఆ మాట నీకు చెప్పడమా! నీ 'రాయలసీమ కాలమ్' ఇంకా కళ్లముందే ఉంది.) గంటలకొద్దీ చుక్కచుక్కగా కారే పని పది పదిహేను నిమిషాల్లో తెమిలింది.

ఆ పేపరుకి సైటేషన్లు (వేరే పేపర్లలో ఉదహరింపులు) తక్కువేం కాదు. కానీ రోజూ కాలమ్ వేసేవాళ్లలో దాన్ని ఉదహరించేది ఎందరు? "ఫ్లాష్ క్రొమటోగ్రఫీతో శుద్ధి చేశాం" అని ఒక్క ముక్క, అయిపోయింది. మరీ బాగా వాడకంలోకి వస్తే పేరే రాలిపోతుందిరా! సుజుకి కప్లింగ్ అనే రియాక్షన్ చూడు, 1979 నాటి అసలు పేపరుకన్నా సుజుకి మియౌరాతో కలిసి 1995లో రాసిన రివ్యూకే ఎక్కువ సైటేషన్లు.

నీ సంగతికొస్తే, నీవన్నీ తయారీ విధానాలు. వాటిని వాడుకున్నవాళ్లు పేపరు వెంట విడిగా జతచేసే సప్లిమెంటరీ ఫైల్లో ఉదహరిస్తారు. అక్కడి రిఫరెన్సులు మామూలుగా లెక్కలోకే ఎక్కవు. నీ ఆల్డిహైడ్ మీద ఎంతమంది బతుకుతున్నారో ఆ అంకెకేం తెలుసు?

పైగా ఈ హెచ్-ఇండెక్స్ 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పెట్టిన లెక్క: కనీసం నాలుగేసి సైటేషన్లు వచ్చిన పేపర్లు నాలుగుంటే హెచ్ 4, అయిదేసి వచ్చినవి అయిదుంటే 5. అయిదు పేపర్లకి 40, 22, 9, 4, 3 సైటేషన్లు వచ్చాయనుకో, హెచ్ 4. ఆ 40 కాస్తా 4000 అయినా హెచ్ నాలుగే! స్టిల్ పేపరు లాంటిది రాసినా హెచ్‌లో దాని వాటా ఒకటే.

ఏడుపు ఆపి ముందు ఈ పని చెయ్యి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొట్టక్షరం. నువ్వొక్కడివే డేటాబేస్‌లో ముగ్గురు రావులయ్యుంటావు. ఆర్కిడ్ నంబరు (ఒక్కో పరిశోధకుడికి ఒక్కటే ఉండే గుర్తింపు) తీసుకో, డీఓఐలు (పేపర్ల గుర్తింపు నంబర్లు) వరసగా పెట్టుకుని ముక్కలైన ప్రొఫైళ్లు కలపమని రాయి. గూగుల్ స్కాలర్‌లో ఇంకో రావుగారివి నీ ఖాతాలో పడ్డాయేమో, అవి తీసెయ్. అక్కడ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్లో అచ్చుకాకముందే పెట్టిన పేపర్లు) కూడా కలుస్తాయి కాబట్టి అంకె పెద్దగా ఉంటుంది; ఫారంలో ఏ అంకె ఎక్కడిదో, ఏ తేదీదో రాయి. సొంత సైటేషన్లు తీసేసిన అంకె కూడా పక్కన...

అమ్మో, ద్రావకం ఆవిరిచేసే రోటావాప్ బంప్ కొట్టింది, లోపలిదంతా ఎగిసిపడింది! ఉంటానురా.

నీ
బంకమట్టి