యుద్ధకాలపు కామిక్స్: అట్ట మీది నెలను నమ్మొద్దు

సంపాదకులకు,

రెండో ప్రపంచయుద్ధ కాలపు అమెరికన్ సూపర్ హీరో కామిక్ సంకలనాల గురించి రాసేవారు చాలామంది అట్ట మీది నెలనే విడుదల నెలగా చూపిస్తున్నారు. ఇది సరికాదు. దుకాణాల్లో ఎక్కువ రోజులు కొత్తగా కనిపించాలని ప్రచురణకర్తలు రెండు మూడు నెలలు ముందుకు జరిపి తేదీ వేసేవారు. కెప్టెన్ అమెరికా తొలి సంచిక మీద మార్చి 1941 అని ఉంటుంది. అమ్మకానికి వచ్చింది 1940 డిసెంబరులో. అంటే హిట్లర్ దవడ పగలగొట్టే ఆ అట్టబొమ్మ అమెరికాను యుద్ధంలోకి దించిన పెర్ల్ హార్బర్ దాడికి దాదాపు ఏడాది ముందుది. అమెరికా అప్పటికి యుద్ధంలోకే దిగలేదు. ఆ తెగువను తక్కువ చేసి చూపకూడదు.

పేజీలు కూడా లెక్కపెట్టాలి. మొదట్లో 10 సెంట్లకు అట్టలతో కలిపి 68 పేజీలు వచ్చేవి. కాగితానికి రేషన్ వచ్చాక చాలా పత్రికలు 60కి, తర్వాత 52కి దిగాయి. ధర మాత్రం పెరగలేదు. వెనక పేజీల్లో నేరస్తుల్ని పట్టే చిన్న హీరోలకు చోటు తగ్గింది. బొమ్మల మధ్య రెండు పేజీల వచన కథ మాత్రం ఉండాల్సి వచ్చేది, తపాలా ఖర్చులో రాయితీ కావాలంటే వచనం ఉండాలన్న నిబంధన కోసం.

ఇక భద్రపరచడం. అది చవక న్యూస్‌ప్రింట్. అందులోని లిగ్నిన్ అనే కలప పదార్థం వల్ల పసుపెక్కి పెళుసవుతుంది. తేమ తగిలితే పిన్నులు తుప్పుపట్టి మధ్య పేజీలు ఊడతాయి. సెల్లో టేపు అంటించొద్దు, జిగురు మరక పోదు. పీవీసీ కవర్లు వద్దు. పాలిస్టర్ కవరు, వెనక ఆమ్లరహిత అట్ట, చీకటి, చల్లని చోటు కావాలి.

— ఒక పాఠకుడు