తమ్ముడి జబ్బు ఏమిటో తేలింది, మీ అందరికీ కృతజ్ఞతలు

చెన్నైలో మాకు అండగా నిలబడిన తెలుగువాళ్లందరికీ నమస్కారం. తమ్ముడు ఎలా ఉన్నాడని చాలామంది అడుగుతున్నారు. కీమో సగం దాటింది. ఆయాసం తగ్గింది, అన్నం తింటున్నాడు.

మొదట మా వైపు ఒక ఆసుపత్రిలో టీబీ అని మందులు ఇచ్చారు. ఛాతీ మధ్యలో గడ్డ పెరుగుతూనే ఉంది. బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది కానీ, ఎక్కడ పుట్టిందో తెలియదని రాశారు. పాతికేళ్లు నిండని పిల్లాడు, సిగరెట్ ముట్టనివాడు. మూలం తెలియకపోతే ఏ మందు ఇవ్వాలో ఎలా తెలుస్తుంది? అమ్మకు నిద్ర లేదు.

1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు మొదలుపెట్టిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకొచ్చాం. పాత బయాప్సీ బ్లాకులు, స్లైడ్లు తెప్పించమన్నారు. మైనంలో దాచిన ఆ ముక్క మీదే కొత్త పరీక్షలు చేయొచ్చట. నెల్లూరులో సంతకం పెట్టి వాటిని తీసుకుని, పినాకిని రైల్లో తెచ్చి మా చేతికిచ్చి, టికెట్ డబ్బులు కూడా తీసుకోని మా వీధి అబ్బాయికి ఏమిచ్చినా తక్కువే.

రోగులకు కనిపించని ఒక మనిషికి ముఖ్యంగా దండం పెట్టాలి: ల్యాబ్‌లో స్లైడ్లు చూసిన పాథాలజీ మేడమ్. కుర్రాడి వయసు, గడ్డ ఉన్న చోటు చూసి, రక్తంలో ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ అనే రెండు పరీక్షలు (కొన్ని రకాల గడ్డలుంటే ఇవి పెరుగుతాయట) చేయించమని అడిగింది ఆవిడే. ఏఎఫ్‌పీ ఉండాల్సినదానికంటే ఎంతో ఎక్కువగా, వేలల్లో ఉంది. బ్లాకు మీద చేసిన పరీక్షలూ అదే చెప్పాయి: జర్మ్ సెల్ ట్యూమర్, అంటే వీర్యకణాలు, అండాలు తయారయ్యే మూలకణాల నుంచి పుట్టే గడ్డ. మామూలుగా వృషణాల్లో వచ్చేది, అరుదుగా రెండు ఊపిరితిత్తుల మధ్య పుడుతుందట. వాడికి కింద స్కానింగ్‌లో ఏమీ లేదు. ఛాతీలో వచ్చింది కాస్త మొండిదేనని డాక్టరు గారు దాచకుండా చెప్పారు. అయినా సిస్‌ప్లాటిన్ కీమోకు లొంగే రకం, నయం చేయాలనే వైద్యం మొదలుపెడతాం అన్నారు. తర్వాత ఛాతీ ఆపరేషన్ ఉంటుంది కాబట్టి ఊపిరితిత్తుల్ని దెబ్బతీయగల బ్లియోమైసిన్ అనే కీమో మందు వద్దని, దాని బదులు ఐఫాస్ఫమైడ్ అనే మందు ఇస్తున్నారు. కీమోకు ముందే వీర్యం దాచిపెట్టించుకోమని గుర్తుచేసిన నర్సు అక్కకు కూడా థ్యాంక్స్. అంత గాభరాలో మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు.

మీ ఇంట్లో చిన్న వయసు మగపిల్లాడికి ఛాతీ మధ్య గడ్డ ఉండి మూలం తెలియదంటే, ఈ రెండు రక్తపరీక్షల గురించి డాక్టరును అడగండి.

గది ఇచ్చి అద్దె మాట ఎత్తని పిన్నిగారికీ, రక్తం ఇచ్చిన తమ్ముళ్లకూ రుణపడి ఉంటాం. ఒకసారి ఇచ్చినవాళ్లు మూడు నెలలు ఆగాలి కదా, ఆపరేషన్‌కు మేం వస్తామని గ్రూపులో కొత్తవాళ్లు అప్పుడే పేర్లు రాశారు. తేదీ తెలియగానే చెబుతాను.