రెండో అంతస్తు బంతులు, ఇంట్లో దిద్దిన రికార్డులు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గురువారం సాయంత్రం నుంచి మన వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న చర్చంతా చదివాను. "పిల్లలు మేడ మీంచి వస్తువులు విసురుతుంటే అడిగే నాథుడు లేడు" అని మొదలైన మాట శుక్రవారం పొద్దుటికి "రాళ్లు విసిరారట" దాకా వచ్చింది. జరిగింది ఇదీ. ఎనిమిదో తరగతి పిల్లలు సైన్సు మాస్టారి ఎదుట, రెండో అంతస్తు వరండా పిట్టగోడ దగ్గర నిలబడి బంతులు వదిలారు. ఎవరూ విసరలేదు. విసిరితే లెక్క చెడిపోతుందని మాస్టారు ముందే పదిసార్లు చెప్పారు. కింద తాడు కట్టి, అటు ఎవరూ రాకుండా పీఈటీ మాస్టారు కాపలా ఉన్నారు. ఒక్క రబ్బరు బంతి గచ్చు అంచుకు తగిలి పక్కకు లేచి, ప్రహరీ దాటి, బయట ఆగి ఉన్న ఆటో టాపు మీద పడింది. ఆటో ఆయన నవ్వుతూ తెచ్చి ఇచ్చి వెళ్లాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇకమీదట ఈ ప్రయోగం బడి వెనకవైపు చేయిస్తాం.

ఇంతకీ పిల్లలు ఏం నేర్చుకున్నారో గ్రూపులో ఒక్కరూ అడగలేదు, కాబట్టి నేనే చెబుతాను. మామూలు టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమం. మనవాళ్లు గోడకు దర్జీ టేపు అంటించి చూస్తే 118 దగ్గరే ఆగింది. ఎందుకని అడిగితే వెనక బెంచీ కుర్రాడు లేచి, "మేడమ్, అది మెరీనాలో క్రికెట్ ఆడి బోడిగుండయిన బంతి, లోపల గాలి ఎక్కడుంది?" అన్నాడు. వాడికి లెక్కల్లో ఎప్పుడూ బొటాబొటి మార్కులే. ఆ జవాబుకి మాత్రం నూటికి నూరు వేస్తాను.

తర్వాత టెన్నిస్ బంతినీ టేబుల్ టెన్నిస్ బంతినీ పై నుంచి ఒకేసారి వదిలారు. ఎనిమిది-బి అమ్మాయి ఒకతె కింద కళ్లు మూసుకుని నిలబడింది. "టప్పుమని ఒక చప్పుడు, ఆ వెంటనే టక్కుమని ఇంకోటి. రెండూ కలిసి పడలేదు" అని రికార్డులో రాసుకుంది. నిజమే. మూడు గ్రాములైనా లేని టేబుల్ టెన్నిస్ బంతిని గాలి గట్టిగానే ఆపుతుంది. ఏడు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే సెకనులో ఐదో వంతు దాకా వెనకబడుతుంది. ఎత్తు రెట్టింపు చేసినా అది ఎగిరే ఎత్తు రెట్టింపు కాకపోవడానికీ ఇదొక కారణమే. ఎనిమిదో తరగతి పిల్ల చెవితో పట్టుకున్న తేడా ఇది!

శుక్రవారం ఆ రికార్డు ఇంటి నుంచి తిరిగొచ్చింది. ఆ వాక్యం మీద ఎర్ర సిరాతో కొట్టివేత. పక్కన, పెద్దల దస్తూరీలో, "అన్ని వస్తువులూ ఒకేసారి నేలను తాకుతాయి."

మీ శ్రద్ధకు కృతజ్ఞతలు. కానీ ఆ మాట గాలి లేనిచోట చెల్లుతుంది. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనూ వదిలితే రెండూ కలిసే పడ్డాయి. మన బడి చెన్నైలో ఉంది, ఇక్కడ గాలి ఉంది, దాంతోపాటు తేమ కూడా ఉంది. పిల్ల చూసింది చూసినట్టు రాస్తే దాన్ని కొట్టేసి గైడులో మాట రాయించడం ఏం చదువండీ? 118 వస్తే 118 అనే రాయనివ్వండి. ఎందుకు తగ్గిందని వాళ్లు తల గోక్కునే ఆ పది నిమిషాలే సైన్సు. పాండీబజారులో కొన్న థర్మకోల్ మోడల్‌కి, రాత్రి పదకొండింటికి నాన్నగారు ఫోన్లో చూసి నింపిన పట్టికకి ఈ బడిలో ఇకమీదట మార్కులు ఉండవు. సోమవారం రికార్డులన్నీ పెన్సిల్‌తో, పిల్లల చేతిరాతలోనే రావాలి.

ఇంకో మాట. ఎత్తు ఏడు రెట్లయితే వేగం రెండున్నర రెట్ల పైచిలుకే పెరుగుతుంది గానీ దెబ్బలోని శక్తి ఏడు రెట్లవుతుందని మాస్టారు చెబుతుంటే ఒక బాబు చెయ్యెత్తి, "మా అమ్మ రోజూ మూడో అంతస్తు బాల్కనీ నుంచి స్కూటర్ తాళాలు కిందికి వేస్తుంది, ఎంత వేగం?" అని అడిగాడు. తొమ్మిది మీటర్లు అనుకుని క్లాసంతా లెక్క కట్టింది: గంటకు దాదాపు 48 కిలోమీటర్లు. ఆ తల్లి ఎవరో నేను అడగలేదు. అడగకుండానే చాలామంది అర్థం చేసుకుంటారనుకుంటాను. మేడ మీంచి బంతులు వదిలితే ప్రమాదమని గ్రూపులో రాసినవారు పిట్టగోడ మీది పూలకుండీల వైపు కూడా ఒకసారి చూడండి.

మిగతావి. తమిళం యూనిట్ టెస్టు బుధవారం. రెండో టర్ము ఫీజు నెలాఖరులోగా కట్టేయండి. వాన సెలవు కలెక్టరుగారు ప్రకటిస్తేనే సెలవు, తెల్లవారుజామున నాకు ఫోన్ చేసినా వేరే కబురు ఉండదు. ఇంట్లో పాత టెన్నిస్ బంతులుంటే పంపండి, బోడివైనా ఫర్వాలేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు