పదికి పది చూసి ఆగిపోకు

చిట్టితల్లీ,

ఎముక మజ్జ మార్పిడికి దాతల జాబితాలు చూసే పని ఇక నీదేనని రాశావు. రిపోర్టులో పదికి పది కనబడగానే ఫైలు మూసేయకు. హెచ్ఎల్ఏ అంటే కణం తనదో పరాయిదో శరీరం పోల్చుకునే గుర్తులు. ఆ పది అంటే వాటిని తయారుచేసే హెచ్ఎల్ఏ-ఏ, బీ, సీ, డీఆర్‌బీ1, డీక్యూబీ1 అనే ఐదు జన్యువులు, ఒక్కోదానికి అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. డీపీబీ1 అనే మరో హెచ్ఎల్ఏ జన్యువు ఆ లెక్కలోకి రాదు.

ఇవన్నీ ఆరో క్రోమోజోము మీద దగ్గరదగ్గరగా ఉండి, సాధారణంగా ఒకే కట్టగా పిల్లలకు దిగుతాయి. అందుకే ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. అయితే డీక్యూకీ డీపీకీ మధ్య ఆ కట్ట తెగి మారే చోటు ఉంది. అందువల్ల కుటుంబం బయటి దాత పదికి పది కుదిరినా, డీపీబీ1లో తేడా ఉండటమే ఎక్కువ. తేడా ఉందని దాతను వదిలేయకు. టీ కణాలు (పరాయివాటిపై దాడి చేసే తెల్ల రక్తకణాలు) గుర్తించే తీరును బట్టి ఈ జన్యువు అల్లీళ్లను (వేర్వేరు రూపాలను) మూడు గుంపులు చేశారు. ఆ గుంపుల ప్రకారం సహించదగ్గ తేడా అయితే ముందుకెళ్లవచ్చు, సహించరానిదైతే ప్రాణాపాయం పెరుగుతుంది. దాతకు లేని రోగి అల్లీల్ కణాల మీద ఎక్కువగా బయటపడే రకమైతే జీవీహెచ్‌డీ (దాత కణాలు రోగి శరీరంపై దాడి చేసే జబ్బు) ముప్పు కూడా ఎక్కువ.

తేడాలన్నీ ఒకే బరువు కావు. హెచ్ఎల్ఏ-సీలోని సీ*03:03, సీ*03:04 అనే అల్లీళ్ల మధ్య తేడా పెద్దగా హాని చేయదు. అలాగే తేడా ఎటువైపు ఉందో చూడు. రోగిలో ఉండి దాతలో లేని అల్లీల్‌ను దాత టీ కణాలు పరాయిదిగా చూస్తాయి, అది జీవీహెచ్‌డీ దారి. దాతలో మాత్రమే ఉంటే, తిరస్కరించేది రోగి శరీరం.

అన్నిటికంటే నాకు భయం యాంటీబాడీల విషయంలో. గర్భం దాల్చినవారిలో, చాలాసార్లు రక్తం ఎక్కించుకున్నవారిలో దాత హెచ్ఎల్ఏకి ఎదురుగా యాంటీబాడీలు ముందే ఉండవచ్చు. సగం మాత్రమే కలిసే కుటుంబ దాతను ఎంచుకునేటప్పుడు ఈ పరీక్ష తప్పనిసరి. బలమైన యాంటీబాడీ ఉంటే కొత్త కణాలు నిలదొక్కుకోవు. అప్పటికే మార్పిడికి ముందు ఇచ్చే కండిషనింగ్ మందులతో పాత మజ్జ పోయి ఉంటుంది, వెనక్కి వెళ్లే దారి ఉండదు. వీలైతే వేరే దాతను వెతకాలి. లేకపోతే ప్లాస్మా మార్పిడి వంటి చికిత్సతో తగ్గించి, కండిషనింగ్‌కు ముందు మళ్లీ కొలవాలి.

శాంపిల్ విషయం కూడా గుర్తుంచుకో. లుకేమియా (రక్త క్యాన్సర్) రోగి రక్తం నిండా బ్లాస్ట్ కణాలు, అంటే పక్వం కాని క్యాన్సర్ కణాలు, ఉన్నప్పుడు తీస్తే, ఆ కణాలు ఆరో క్రోమోజోములో ఒక వైపు హెచ్ఎల్ఏను పోగొట్టుకుని ఉండవచ్చు. అప్పుడు టైపింగ్‌లో (హెచ్ఎల్ఏ పరీక్షలో) ఒకే అల్లీల్ రెండుసార్లు ఉన్నట్టు కనబడి తప్పు దాత దగ్గరికి చేరతాం. అనుమానం వస్తే బుగ్గ లోపలి స్వాబ్‌తో సరిచూడు. ఎలాగైనా, వేరే రోజు తీసిన రెండో శాంపిల్‌తో ధ్రువీకరించకుండా దాతను ఖాయం చేయకు.

సగం కలిసిన దాతతో మార్పిడి అయ్యాక లుకేమియా తిరగబెడితే, ఆ బ్లాస్ట్ కణాలకు మళ్లీ హెచ్ఎల్ఏ పరీక్ష పంపించు. దాతకు పరాయిగా కనబడే వైపును అవి వదిలించుకుని ఉంటే, అదే దాత లింఫోసైట్లు (టీ కణాలుండే తెల్ల రక్తకణాలు) మళ్లీ ఎక్కించినా వాటిని పట్టుకోలేవు. జీవీహెచ్‌డీ ముప్పు మాత్రం రోగికి మిగులుతుంది. అప్పుడు ఆ మిగిలిన వైపుతో తేడా ఉన్న మరో దాత కోసం వెతుకు.

నీ అమ్మ