పాత రికార్డుల గది తలుపు తీయించండి: రెవెన్యూ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ, రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ముందే చెప్పేస్తున్నాను, నాకు భూమి తగాదా ఏదీ లేదు. పాస్‌పుస్తకంలో తప్పులు పడలేదు, రిజిస్ట్రేషన్లు నిషేధించిన భూముల 22ఎ జాబితాలో నా సర్వే నంబరు లేదు, కోర్టులో కేసు అసలే లేదు. నాకు కావలసింది మా ముత్తాత తండ్రి పేరు. ఆయన ఎక్కడి నుంచి వచ్చి చీరాల దగ్గర మా పల్లెలో స్థిరపడ్డాడో తెలియాలి. మా నాయనమ్మ పుట్టింటివాళ్ల సంగతి కూడా తెలిస్తే సంతోషం.

ఇదంతా మొదట్లోనే ఎందుకు రాశానంటే, తహసీల్దారు ఆఫీసులో పాత రిజిస్టరు చూస్తానన్న ప్రతి మనిషికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "ఎవరితో గొడవ?" గొడవేం లేదండీ, మా వంశవృక్షం రాసుకుంటున్నాను అంటే అనుమానం తగ్గకపోగా పెరుగుతుంది. ఊరికే ఇలాంటి పని పెట్టుకునేవాడు ఉంటాడా, వీడి వెనక ఎవరో ఉన్నారు అన్నట్టు చూస్తారు. సిబ్బందిని నేను తప్పుపట్టను. పాత కాగితం అడిగేవాళ్లలో నూటికి తొంభై మంది ఏదో ఒక సరిహద్దు తగాదాతోనే వస్తారు మరి. కానీ మిగిలిన పదిమంది ఎక్కడికి పోవాలి?

నిజానికి మన రాష్ట్రంలో వంశవృక్షం కావాలని అందరికంటే ఎక్కువగా అడిగేది మీ శాఖే. పట్టాదారు చనిపోతే వారసుల పేర్లు ఎక్కించడానికి విచారణ జరగాలి, వంశవృక్షం గీయాలి, ఊళ్లో పెద్దమనుషులు దాని కింద సంతకాలు పెట్టాలి. అలా మీ శాఖ గీయించిన కుటుంబాల చెట్లు ఎన్నో ఆ ఫైళ్లలో ఉన్నాయి. అయితే ఫైలు మూసేటప్పుడు దాని మీద ఆర్.డిస్. అని వేస్తే శాశ్వతంగా ఉంచుతారు, డి.డిస్. అయితే పదేళ్లు, కె.డిస్. అయితే మూడేళ్లు, ఎల్.డిస్. అయితే ఏడాది. ఆ తర్వాత చింపేయవచ్చు. నాలుగు తరాల పేర్లున్న కాగితం బతుకుతుందా లేదా అన్నది ఆ రోజు గుమాస్తా గారు వేసిన అక్షరాన్ని బట్టి ఉంటుందన్నమాట.

ఇంగ్లండులో, అమెరికాలో ఇలాంటి వెతుకులాట జనాభా లెక్కలతో మొదలవుతుంది. ఇంగ్లండులో నూరేళ్లకు, అమెరికాలో 72 ఏళ్లకు ఇంటింటి లెక్కల పుస్తకాలు బయటపెడతారు. ఇంగ్లండులో 1921 నాటివి, అమెరికాలో 1950 నాటివి, రెండూ 2022లోనే జనం చేతికొచ్చాయి. మనకు ఆ దారి లేదు. 1948 జనగణన చట్టం సెక్షన్ 15 ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరూ చూడకూడదు. అది కేంద్రం సంగతి, దానికి మిమ్మల్ని అడగను. కానీ ఆ దారి మూసుకుపోయినందువల్లే మామూలు తెలుగు కుటుంబం చరిత్ర దాదాపుగా మీ శాఖ బీరువాల్లోనే మిగిలింది. దేవాలయ శాసనాల్లో మా తాతల పేర్లు ఉండవు. కలెక్టరేటు రికార్డుల్లో ఉంటాయి.

ఏముంటాయో ఒకటి రెండు చెబుతాను, ఎందుకంటే వీటి విలువ భూమి విలువ ఒక్కటే అనుకుంటున్నారు.

ఇనాం ఫెయిర్ రిజిస్టరు తీసుకోండి. ఇనాం అంటే శిస్తు లేకుండానో, తక్కువ శిస్తుకో ఇచ్చిన భూమి. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఆ కమిషన్ మనుషులు ఊరూరా తిరిగి ప్రతి ఇనాం మీదా విచారణ చేసి రాయించిన పుస్తకం ఇది. కోర్టులో లాయరు గారు ఇందులో చూసేది విస్తీర్ణం, ఇనాం రకం, టైటిల్ డీడ్ నంబరు. నాలాంటివాడు పక్క గడులు చూస్తాడు: మొదట ఇనాం పొందినవాడి పేరు, ఇచ్చిందెవరు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడి పేరు, వయసు, కాపురం ఏ ఊరు, మొదటివాడికి ఇతను ఏమవుతాడు. 1860 ప్రాంతంలో యాభై ఏళ్ల మనిషి తన తాత పేరు చెప్పి రాయించాడంటే మనం టిప్పు సుల్తాను రోజుల్లోకి వెళ్లిపోయినట్టే. పైగా ఇది బ్రాహ్మల అగ్రహారాలకు, దేవుడి మాన్యాలకు మాత్రమే సంబంధించిన పుస్తకం కాదు. ఊరి చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, వెట్టి, వీళ్లందరికీ సర్వీసు ఇనాములు ఉండేవి. ఆ కుటుంబాల పెద్దల పేర్లు సర్కారు కాగితం మీద మొదటిసారి ఎక్కింది చాలా ఊళ్లలో ఇక్కడే. ఆ వారసుల్లో ఎంతమందికి ఈ పుస్తకం ఒకటుందని తెలుసు?

ఆడవాళ్ల సంగతి వేరు. ఊరి సాగు లెక్కలు రాసే అడంగల్‌లో, సర్వే సెటిల్‌మెంటు నాటి భూముల రిజిస్టరు ఆర్.ఎస్.ఆర్.లో ఆడపేరు కనిపించడం అరుదు. వాళ్లను పట్టుకోవాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకే వెళ్లాలి. పెళ్లిలో పసుపు కుంకుమల కింద కూతురికి ఎకరమో అరెకరమో రాసిచ్చిన దఖలు దస్తావేజు దొరికితే అందులో అన్నీ ఉంటాయి. ఇచ్చిన తండ్రి, ఆయన తండ్రి, పుచ్చుకున్న కూతురు, ఆమె భర్త, ఆయన ఊరు. హద్దుల్లో తూర్పున పెదనాన్న గారి చేను, పడమర బాబాయి గారి చేను. కింద నిశానీ, సాక్షుల వ్రాలు, చివర్న దస్తూరి ఫలానా కరణం అని. ఒక్క కాగితంలో ఒక ఇంటి బంధువర్గమంతా కూర్చుని ఉంటుంది. మా బంధువుల ఇంట్లో ఇలాంటిది ఒకటి చూశాక గానీ మా నాయనమ్మ పుట్టింటి ఊరు ఏ దిక్కున వెతకాలో నాకు తెలియలేదు.

భూమి లేనివాళ్లకు ఇవేవీ ఉండవు, ఒప్పుకుంటాను. మా ప్రాంతంలో ఎన్నో దళిత కుటుంబాల పెద్దల పేర్లు ప్రభుత్వం దగ్గర కంటే మిషన్ల బాప్తిస్మ రిజిస్టర్లలోనే ముందు కనిపిస్తాయి. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు అప్పుడే వెళ్లిన కాలం. వాళ్ల మునిమనవళ్లకు సర్కారు దగ్గర మిగిలిన ఆధారం గ్రామ మునసబు రాసిన జనన మరణ రిజిస్టరు. అందులోనూ చాలా చోట్ల బిడ్డ పేరు ఉండదు, నామకరణానికి ముందే రాసేవారు కాబట్టి "మగ" అనో "ఆడ" అనో రాసి, పక్కన తండ్రి పేరు, కులం, తేదీ వేసేవారు. అయినా సరే, ఆ ఒక్క వరుస దొరికితే చాలనుకునే వాళ్లున్నారు.

ఇప్పుడు అసలు ఇబ్బందికి వస్తాను. ఏ పుస్తకం ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

చీరాలనే చూడండి. 1904 వరకు కృష్ణా జిల్లా. 1904 నుంచి గుంటూరు జిల్లా. 1970లో ప్రకాశం జిల్లా అయింది, అప్పట్లో దాని పేరు ఒంగోలు జిల్లా. 2022 నుంచి బాపట్ల జిల్లా. ఊరు కదల్లేదు, మనుషులు కదల్లేదు, జిల్లా మాత్రం మూడుసార్లు మారింది. మధ్యలో 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక్కో మార్పుకూ కొన్ని పుస్తకాలు కొత్త ఆఫీసుకు వెళ్లాయి, కొన్ని పాత ఆఫీసులోనే ఉండిపోయాయి, కొన్ని లారీ ఎక్కి ఎక్కడ దిగాయో దేవుడికే తెలియాలి. ఇప్పుడు బాపట్లలో అడిగితే ఒంగోలులో చూడండంటారు, ఒంగోలులో అడిగితే గుంటూరు పంపిస్తారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల దగ్గర జాబితా లేదు, అంతే.

కాబట్టి నా మొదటి విన్నపం, మిగిలినవన్నీ పక్కన పెట్టినా ఇదొక్కటి చేయండి: ప్రతి తహసీల్దారు, ఆర్డీవో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఏ ఊరికి సంబంధించిన ఏ రికార్డు, ఏ ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) నుంచి ఏ ఫసలీ దాకా ఉందో జాబితా రాయించి బయటపెట్టండి. పుస్తకాలు స్కాన్ చేయమని అడగడం లేదు. లోపల ఏముందో చెప్పమని కూడా కాదు. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో, ఏది చినిగిందో, ఏది చింపేశారో, ఏది కనబడటం లేదో రాస్తే చాలు. "కనబడటం లేదు" అని రాసినా మాకు మేలే, వెతకడం మానేస్తాం. మున్సిపాలిటీలు మీ శాఖ కాకపోయినా మంత్రివర్గంలో ఒక మాట వేయండి. 1921లో చీరాల, పేరాల జనం మున్సిపాలిటీ పన్నులకు ఎదురుతిరిగి ఊళ్లు ఖాళీ చేసి బయట పాకల్లో కాపురం పెట్టారు. ఆ పాకల్లో మా తాత ఉన్నాడా అని అడిగే మనవళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆనాటి ఇంటిపన్ను రిజిస్టర్లు ఎక్కడైనా మిగిలాయా అన్న ప్రశ్నకు ఏదో ఒక జవాబు ఉండాలి కదా.

రెండో సంగతి, చూసే హక్కు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నవే చాలు. 1969 జనన మరణాల నమోదు చట్టం సెక్షన్ 17 ప్రకారం రుసుం కట్టి ఎవరైనా రిజిస్టరులో వెతికించుకోవచ్చు, ధ్రువపత్రం తీసుకోవచ్చు. మరణానికి కారణం మాత్రం ఇవ్వరు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని, దాని ఇండెక్సులను ఎవరైనా చూడవచ్చు. వీలునామాల పుస్తకం వంటివాటికే షరతులు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(3) ఇరవై ఏళ్లు దాటిన విషయాలకు చాలా మినహాయింపులు తీసేసింది. మన రాష్ట్రంలో దరఖాస్తు రుసుం మండల స్థాయిలో 5 రూపాయలు, గ్రామ స్థాయిలో అదీ లేదు.

కాగితం మీద ఇంత బాగుంది. ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో (ఏ ఊరో చెప్పను, ఆ ఒక్కచోటే ఇలా ఉందని నేననుకోవడం లేదు) సెక్షన్ 57 అంటే, "పార్టీలకే చూపిస్తాం, మీరు పార్టీయా?" అన్నారు. 1931 నాటి దస్తావేజు అది. పార్టీలు ఎవరూ బతికి లేరు. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీసుకోమని సలహా ఇచ్చారు. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే కదండీ అంటే, "అయితే సర్వే నంబరు తీసుకురండి" అన్నారు. ఇక్కడే మావాళ్లందరూ ఆగిపోతారు. మీ రికార్డులన్నీ సర్వే నంబర్ల వరసలో ఉంటాయి. మా దగ్గర ఉన్నది ఒక పేరు, ఒక ఇంటిపేరు, ఒక ఊరు. ఒకటో పుస్తకానికి పేర్ల ఇండెక్సు కూడా చట్టప్రకారం ఉంటుంది, దాన్ని తీసి చూపించమని ఒక మెమో ఇప్పించండి. నూరేళ్లు దాటిన జననాలు, డెబ్బై అయిదేళ్లు దాటిన దస్తావేజులు, అడంగళ్లు అయితే "ఎందుకు" అని అడగకుండా చూపించాలని ఆ మెమోలోనే రాయించండి. వారంలో ఒక పూట చాలు. ఫొటోకి రుసుం పెట్టండి, కడతాం.

పాత రికార్డులు అందరికీ చూపిస్తే దొంగ పత్రాలు పుట్టించేవాళ్లకు పండగే అని మీ అధికారులు అనవచ్చు. ఆ భయం నాకూ తెలుసు, మా ఊళ్లో కూడా అలాంటివాళ్లు ఉన్నారు. కానీ దొంగ పత్రం చెల్లుబాటయ్యేది అసలు పుస్తకం ఇద్దరు ముగ్గురు మాత్రమే చూడగలిగినప్పుడు. అసలు పేజీ ఊరందరికీ తెలిస్తే దిద్దినవాడు ఎక్కడ దిద్దాడో మర్నాడే బయటపడుతుంది. కాకపోతే కులం, దత్తత వంటి వివరాలు కొన్ని కుటుంబాలను ఇబ్బంది పెట్టవచ్చు. అందుకే గడువు ఎక్కువ పెట్టమంటున్నాను. ఇంకో పదేళ్లు కలిపినా నాకు అభ్యంతరం లేదు.

ఇంకొకటి, ఒకే ప్రతి ఉన్న కాగితానికి భరోసా లేదు. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో రాత్రిపూట మంటలొచ్చి ఫైళ్లు కాలిపోయిన సంగతి మీకు నేను గుర్తు చేయక్కర్లేదు. అక్కడ రాజకీయంగా ఎవరిది తప్పన్నది నాకు సంబంధం లేని విషయం. కాలిన ఫైళ్లలో ఏమున్నాయో చెప్పే పూర్తి జాబితా మరోచోట ఉండాలన్నదే నా మాట.

కరణాల సంగతి కూడా. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు పుస్తకాలన్నీ అప్పజెప్పమన్నారు. అప్పజెప్పనివి చాలా ఉన్నాయి. కోపంతో కొందరు, నిర్లక్ష్యంతో కొందరు, తీసుకునేవాడు రాక కొందరు అట్టే పెట్టుకున్నారు. ఆ తరం పోయింది. మనవళ్లు ఇల్లు పడగొట్టేటప్పుడు అటక మీది కట్టలు పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేస్తున్నారు. ఇస్తామన్నా భయం, ప్రభుత్వ రికార్డు ఇన్నాళ్లు దాచావని కేసు పెడతారేమోనని. ఒక ఆరు నెలలు గడువు పెట్టి, ఎవరు తెచ్చినా ప్రశ్నలు లేకుండా తీసుకుని రసీదు ఇస్తామని ప్రకటించండి. కోర్టులో సాక్ష్యంగా వాటికి విలువ లేదనుకుంటే ఆ మాట ముద్ర వేసి పెట్టండి. మాకు కావలసింది పేర్లు.

చివరగా, బయటి నుంచి వచ్చేవాళ్ల గురించి. మద్రాసు నుంచి బయల్దేరిన ఓడ 1860 నవంబరులో డర్బన్ చేరింది. అలా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి, మారిషస్‌కి, ఆ తర్వాత ఫిజీకి కూలికి వెళ్లినవాళ్లలో విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లు ఎందరో. వాళ్ల కాగితాలు ఆ దేశాలవాళ్లు దాచిపెట్టారు. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఒంటిమీది పుట్టుమచ్చ, ఊరు, తాలూకా, జిల్లా. మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆ రిజిస్టర్లను కాపాడుతోంది. వారసులు ఆ కాగితం పట్టుకుని ఇక్కడికి వస్తే ఊరి పేరు దొరగారి చెవికి ఎలా వినబడితే అలా రాసి ఉంటుంది, తాలూకా ఇప్పుడు లేదు, జిల్లా మారిపోయింది. పాత తాలూకాలవారీగా ఊళ్ల పేర్లు, అవి నేడు ఏ మండలంలో ఉన్నాయన్న పట్టిక ఒకటి మీ వెబ్‌సైటులో పెడితే వాళ్లు కనీసం సరైన ఆఫీసు మెట్లెక్కుతారు. ఆ సమాచారమంతా మీ సర్వే శాఖ దగ్గర ఉన్నదే.

ఇవన్నీ ఒకేసారి కావని తెలుసు. తహసీల్దారు ఆఫీసుల్లో ప్రొటోకాల్ డ్యూటీలకే మనుషులు చాలడం లేదు. జాబితా పనికి ముందు ఒక మండలం తీసుకోండి. రిటైరైన రెవెన్యూ ఉద్యోగుల్లో ఫసలీ లెక్కలు, పాత చేతిరాతలు తెలిసినవాళ్లు ఇంకా కొందరున్నారు, వాళ్లను గౌరవ వేతనం మీద పిలవండి. రిజిస్టర్ల అట్టల మీద దుమ్ము తుడిచి పేర్లు రాయడానికి మనుషులు కావాలంటే నాలాంటివాళ్లం వస్తాం, జీతం అక్కర్లేదు. మీ సిబ్బంది ఎదురుగానే కూర్చుని రాస్తాం.

ఇట్లు,
చీరాల ప్రాంతపు ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు