మీరే చేసుకున్న శుభలేఖలూ వేస్తాం, పాతిక కార్డులైనా సరే

మా షాపుకొచ్చే అందరికీ నమస్కారం. తెనాలిలో పాతికేళ్లుగా శుభలేఖలు వేస్తున్నాను. నిరుటి దాకా ఎవరైనా ఫోన్‌లో తామే కార్డు చేసుకొని "ఓ వంద వేసిస్తారా" అని వస్తే మొహం చిట్లించేవాణ్ని. రెండొందలకు తక్కువైతే కుదరదనేవాణ్ని. అది స్క్రీన్ ప్రింటింగ్ రోజుల లెక్క. పది కార్డులకైనా వెయ్యికైనా స్క్రీన్ తయారుచేసే పని ఒకటే, తక్కువ వేస్తే గిట్టదు. డిజిటల్ మెషీన్ వచ్చాక ఆ ఇబ్బంది లేదు. అయినా పాత పాటే పాడుతూ వచ్చాను. మా ఆల్బమ్‌లోని నమూనా కార్డు అమ్మితే నాకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయి మరి! ఇకనుంచి పాతిక కార్డులైనా వేస్తాం. మీ డిజైన్ మీరు తెచ్చుకుంటే డిజైన్ ఛార్జీ ఉండదు.

ఖర్చు ఎక్కడ తగ్గుతుందో కూడా చెప్పేస్తాను. మేం వాడేది 12×18 అంగుళాల షీటు. 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరు 300 గ్రాములు తూగే మందపాటి ఆర్ట్ కార్డు మీద ఒకవైపు రంగుల్లో వేస్తే షీటుకు 25 రూపాయలు. చాలామంది ఆరంగుళాల చదరం కార్డు చేసుకొస్తున్నారు. అంచులు పోగా షీటులో అవి రెండే పడతాయి. ఐదున్నర అంగుళాలు చేసుకుంటే ఆరు పడతాయి. వంద కార్డులకు ఆరంగుళాలైతే 50 షీట్లు, 1,250 రూపాయలు. ఐదున్నరైతే 17 షీట్లు, 425 రూపాయలు. కటింగ్‌కు ఇంకో 60. కవరు నాలుగు రూపాయలు, అంటే కార్డులకు పెట్టినంతా కవర్లకూ పెట్టాలి. ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలిచేవాళ్లకు కవరెందుకు చెప్పండి? నాలుగు మూలలా పసుపు రాసి చేతికివ్వండి. కవర్లు అమ్ముకునేవాణ్నయ్యుండీ చెబుతున్నాను.

మడత కార్డు జోలికి పోకండి. మందం కాగితాన్ని చేత్తో మడిస్తే మడత దగ్గర రంగు పగిలి తెల్లగా బయటపడుతుంది. ఫోన్‌లో మెరిసే బంగారు రంగు కాగితం మీద ఆవపిండిలా దిగుతుంది. నిజంగా మెరవాలంటే ఫాయిల్ (మెరిసే పలచని రేకు) వేయాలి, దానికి వేరే ఖర్చు. తెలుగు అక్షరాలకు మండలి, రామభద్ర, ధూర్జటి, గురజాడ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫైలు పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే కుదించుకుపోయి ఒత్తులన్నీ అలుక్కుపోతాయి.

ఇక నా తప్పొకటి చెప్పుకోవాలి. మొన్న మాఘమాసంలో ఒకాయన సొంతంగా చేసుకున్న కార్డు తెచ్చారు. ముహూర్తం శనివారం రాత్రి 2.14 గంటలకు. మన పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా అది శనివారమే. అందుకే శుభలేఖలో "శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం" అని వేస్తాం. ఆయన ఫైల్లో "ఆదివారం రాత్రి 2.14" అని ఉంది. నా కంట పడింది. వాళ్ల ఫైలు, వాళ్లిష్టం, మనకెందుకులే అని వేసిచ్చేశాను. ఊరి నుంచి రెండు కుటుంబాలు ఆదివారం రాత్రి పట్టుచీరలు కట్టుకుని దిగేసరికి మండపంలో షామియానా విప్పుతున్నారట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

అందుకని ఇకమీదట ఎవరి ఫైలైనా మేటర్ నేనే చదువుతాను, దానికి డబ్బులేం తీసుకోను. పంతులుగారు రాసిచ్చిన ముహూర్తం కాగితం ఫొటో కూడా పంపండి. ముందు ఒక్క కార్డు ప్రూఫ్ తీసిస్తాను. ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి, సంతకం పెట్టించి తెండి. అప్పుడే మిగతావి వేస్తాను. శ్రావణం పెళ్లిళ్లవాళ్లు ఆషాఢంలోనే వచ్చేస్తే మంచిది. అప్పుడు షాపు ఖాళీగా ఉంటుంది, టీ తాగుతూ తీరిగ్గా చూసుకోవచ్చు.